‘పి’ అంటే పైడిపాటి

షోలే చూడనివాళ్ళు మా కరీంనగర్‌లో ఎవరైనా ఉన్నారా? ఉర్దూ ముక్క సరిగ్గా రానివాడు కూడా గొంతు బొంగురు చేసి గబ్బర్ మాటలు అప్పజెప్తాడు. జై, వీరూ, బసంతి, ఠాకూర్ సరే, సాంబా, కాలియా కూడా మనకు ఇంటి చుట్టాలే. సాంబాకు ఆ సినిమాలో ఎన్ని మాటలున్నాయో లెక్క చెప్పేవాళ్ళను నేను చూశాను. మరి అదే సినిమాలో పోలీస్ కమిషనర్‌గా కాసేపు కనబడి పోయే పెద్దమనిషి ఎవరు? పేరు చెప్పండి. పోనీ, ఊరు చెప్పండి. చెప్పలేరు. అది మీ తప్పని నేను అనను, మీకు ఎవరూ చెప్పలేదు. ఆయనది ఈ ఊరే. మానేరు నీళ్ళు తాగే ఈ కరీంనగరే.

షోలే 1975 ఆగస్టు 15న విడుదలైంది. అప్పటికి ఆయన తెర మీదికొచ్చి నలభై అయిదేండ్లు. ధర్మేంద్ర, అమితాబ్, అమ్జద్‌ఖాన్ ఇంకా పుట్టకముందే ఆయన బొంబాయిలో హీరో. ఆ ముగ్గురి జాతకాలూ మన పిల్లలకు కంఠతా వచ్చు. ఆయన పేరు మాత్రం రాదు. టైటిళ్ళలో ‘పి. జైరాజ్’ అని పడేది, ఒక్కోసారి ఉత్త ‘జైరాజ్’ అనే పడేది. ఆ ‘పి’ని విప్పి చూడాలని ఎవరికీ తోచలేదు. పి అంటే పైడిపాటి. పైడిపాటి జైరుల నాయుడు. పైడి అంటే బంగారమని చిన్న బళ్ళోనే చదువుకున్నాం గదా, ఆ బంగారాన్ని ఒక్క అక్షరం కింద పాతిపెట్టి పైన మన్ను కప్పినట్టయింది.

ఈమధ్య ఒక సాయంత్రం టవర్ సర్కిల్ దగ్గర చాయ్ తాగుతూ, పక్క బెంచీ మీద కూర్చున్న కుర్రాళ్ళను అడిగాను, పైడి జైరాజ్ తెలుసా అని. ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడోవాడు కాస్త హుషారైనవాడు. “ఏ పార్టీ సార్?” అన్నాడు. నవ్వొచ్చింది. తర్వాత ఇంటికి పోయేదాకా ఆ నవ్వు గొంతులో ముల్లులా అడ్డం పడింది. గడియారం గంట గంటకూ కొట్టే ఆ చౌరస్తాలో, దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న సొంతూరి మనిషిని కార్పొరేటరేమో అనుకునే స్థితికి వచ్చాం. ఇది ఆ కుర్రాడి అజ్ఞానమా, మన అందరి సిగ్గుమాలినతనమా?

1909 సెప్టెంబరు 28న ఆయన పుట్టాడు. జిల్లా కచేరీ ఎలగందుల నుంచి కరీంనగర్‌కు మారి అప్పటికి నాలుగేండ్లు. కోట వైభవం అటు మిగిలిపోయి, ఇటు కొత్త ఊరు ఇంకా ఊపిరి పోసుకుంటున్న కాలం. రైలు లేదు. ఊరి చుట్టూ చెరువులు, ఎడ్లబండ్ల బాటలు. అక్కడ పుట్టిన పిల్లగాడు హైదరాబాద్ పోయి నిజాం కాలేజీలో చదివాడు. అంత చదువు చదివిన నాయుళ్ళ పిల్లవాడికి ఆ రోజుల్లో సర్కారు నౌకరీ ఏదో ఒకటి దొరక్కపోదు. ఆయన 1929లో బొంబాయి బండెక్కాడు. వయసు ఇరవై. దేనికోసం? సినిమా కోసం! సినిమా అంటే అప్పటికి మాట లేని బొమ్మ, మర్యాదస్తులు ముఖం తిప్పుకునే పని. తెలుగులో సినిమా మాట్లాడటానికి ఇంకా మూడేండ్లుంది. మద్రాసులో సరైన స్టూడియోలు లేవు. మనకు చెప్పుకోవడానికి సినిమా పరిశ్రమంటూ లేని రోజున, ఎల్లలు దాటి పోయి, ముక్కూ ముఖం ఎరగని పట్నంలో నిలబడి గెలిచినవాడిని ఏమనాలి? వేరే ఊరైతే దేవుడని గుడి కట్టేది. మనం కనీసం గుర్తు పెట్టుకోలేదు.

మొదట ‘జగ్‌మగ్‌తీ జవానీ’లో చిన్న వేషం. 1930లో ‘రసీలీ రాణి’తో కథానాయకుడు. ఆ తర్వాత వరసగా మూకీలు, పదీ పదకొండు దాకా. మూకీ అంటే ఇవాళ్టి పిల్లలకు తమాషాగా ఉంటుంది. ఒక్కసారి ఆలోచించండి. గొంతు లేదు, డైలాగు లేదు, పాట లేదు, వెనక వాయించి ఎత్తిపట్టే సంగీతం తెరలో లేదు. కన్ను, కనుబొమ్మ, భుజం, నడక, ఇంతే నటుడి దగ్గరున్న సొత్తు. అందులో వీరుడి వేషం కట్టాలంటే గుర్రం నిజంగా ఎక్కాలి, కత్తి నిజంగా తిప్పాలి, గోడ నిజంగా దూకాలి. కంప్యూటర్‌లో కండలు అతికించే సదుపాయం లేదు. ఆ కసరత్తు దేహంతోనే, ఆ కోటేరు ముక్కుతోనే ఆయన నెట్టుకొచ్చాడు.

1931 మార్చి 14న ‘ఆలం ఆరా’ విడుదలై తెర మాట్లాడింది. ఆ ఒక్క రోజుతో ఎందరు మూకీ తారల బతుకులు తెల్లారిపోయాయో సినిమా చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. కోట్ల గుండెల్ని ఏలిన సులోచన అంతటి తార కూడా హిందుస్తానీ నేర్చుకుని మళ్ళీ రావలసి వచ్చింది. మరి ఈ తెలుగు పిల్లవాడు? ఆయన మునగలేదు. 1932 నాటికే ‘షికారీ’తో టాకీల్లోకి నడిచిపోయాడు. ఎట్లా? నాకు తోచిన కారణం ఒకటుంది. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, బజారు భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషలు తొక్కుకుంటూ పెరిగిన తెలంగాణ నాలుకకు బొంబాయి టాకీ పరాయిది కాలేదు. ఇప్పటికీ మన యాసలో ఉర్దూ మాట కలిస్తే ముఖం చిట్లించే పెద్దలున్నారు. ‘తౌరక్యాంధ్రం’ అని వెక్కిరించిన ఆ నేలే హిందీ సినిమాకు దాని మొదటి తరం కథానాయకుల్లో ఒకణ్ణి ఇచ్చింది. ఈ ముక్క ఏ సభలోనైనా ఎవరైనా గట్టిగా చెప్పారా?

బాంబే టాకీస్ అంటే ఆ రోజుల్లో దేశంలోకెల్లా పద్ధతైన స్టూడియో. హిమాంశు రాయ్, దేవికారాణి 1934లో పెట్టినది. జర్మనీ నుంచి వచ్చిన దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ అక్కడ తీసిన ‘భాభీ’లో, 1938లో, కథానాయకుడు మన జైరాజ్. 1943లో ‘హమారీ బాత్’. అది దేవికారాణి చివరి సినిమా. భారతీయ తెర మహారాణి అని పిలిపించుకున్న ఆమె పక్కన చిట్టచివర నిలబడిన నాయకుడు జైరాజ్. ఇక్కడ నేను కాసేపు ఆగక తప్పదు. దేవికారాణి పుట్టింది ఎక్కడ? వాల్తేరులో. బెంగాలీ కుటుంబమే, కానీ పుట్టిన నేల మన విశాఖ సముద్రపు ఒడ్డు. అంటే వాల్తేరులో పుట్టిన నాయిక, కరీంనగర్‌లో పుట్టిన నాయకుడు బొంబాయిలో ఎదురెదురు నిలబడి హిందీలో ప్రేమించుకుంటుంటే దేశం చూసింది. ఫాల్కే అవార్డు పెట్టినప్పుడు మొట్టమొదట, 1969కి, దాన్ని అందుకున్నదీ ఆమే. పదకొండేండ్ల తర్వాత ఆయనా అందుకున్నాడు. ఈ కథ ఏ బెంగాలు వాళ్ళకో, మరాఠీ వాళ్ళకో ఉంటే ఈపాటికి ఎన్ని నవలలు, ఎన్ని నాటకాలు వచ్చేవి! మనకు మాత్రం కాళ్ళ కింది కథ కళ్ళకు ఆనదు.

నటుడిగానే ఆగాడా? 1945లో బాంబే టాకీస్‌కే ‘ప్రతిమ’కు దర్శకత్వం వహించాడు. అందులో నాయకుడు అప్పుడే సినిమాల్లోకి వచ్చి రెండో చిత్రం చేస్తున్న పెషావర్ యువకుడు. పేరు దిలీప్ కుమార్. ఆ దిలీప్ కుమార్‌కు ఎక్కడ నిలబడాలో, ఎట్లా చూడాలో చెప్పిన మొదటి కొద్దిమంది దర్శకుల్లో ఒకరు కరీంనగర్ మనిషి. 1951లో నర్గీస్‌ను పెట్టి ‘సాగర్’ తానే తీశాడు. అవి గొప్ప దర్శకుడి చిత్రాలని నేను వాదించను, ఆయన బలం నటనలోనే ఉందని నా అభిప్రాయం. కానీ కెమెరాకు ముందూ వెనకా నిలబడి, సొంత డబ్బు పణంగా పెట్టిన మనిషన్నది మరవగలమా?

ఇక వీరుల వేషాలు. ‘హాతిమ్‌తాయ్’, ‘అమర్‌సింగ్ రాఠోడ్’, ‘పృథ్వీరాజ్ చౌహాన్’, ‘టిప్పు సుల్తాన్’, ‘వీర్ దుర్గాదాస్’, ‘చంద్రశేఖర్ ఆజాద్’. పేర్లు చదువుతుంటేనే గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తుంది. 1956 నుంచి ఏడెనిమిదేండ్లు ఈ పరుగే. రాముడంటే, కృష్ణుడంటే తెలుగువాడి కళ్ళ ముందు ఎన్టీ రామారావు నిలబడ్డట్టే, ఉత్తరాదిలో ఒక తరం ప్రేక్షకులకు రాజపుత్ర వీరుడి ముఖం జైరాజ్ ముఖం. రాజస్థాన్ కోటల్లోని వీరులు ఒక తెలంగాణ తెలుగువాడి కళ్ళతో చూశారు, వాడి భుజాలతో కత్తి దూశారు. ఆ ప్రేక్షకులు ఆయన పుట్టుక అడగలేదు, యాసను వెక్కిరించలేదు, నెత్తిన పెట్టుకున్నారు. పుట్టిన నేల మాత్రం ఆయన్ని ఊరు విడిచిపోయినవాడి కిందే జమకట్టింది.

ఇంకా ముందుకు రండి. గాంధీజీ హత్య మీద మార్క్ రాబ్సన్ తీసిన ‘నైన్ అవర్స్ టు రామా’, 1963 నాటి హాలీవుడ్ చిత్రం, అందులో ఘనశ్యామ్‌దాస్ బిర్లాగా కనిపించింది జైరాజే. ఇక్కడి అడవుల్లో ఏనుగుతో తీసిన అమెరికా వాళ్ళ ‘మాయ’లోనూ ఆయన ఉన్నాడు. ఇవాళ మన నటుడెవరైనా హాలీవుడ్ సినిమాలో రెండు నిమిషాలు కనబడితే విమానాశ్రయంలో డప్పులు మోగుతాయి. ఆయన అరవై ఏండ్ల కిందట చేసి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాడు.

వయసు మీద పడ్డాక డాక్టరు, జడ్జి, కమిషనరు, తండ్రి, ఏ వేషమిచ్చినా చేశాడు. షోలే, డాన్, ముకద్దర్ కా సికందర్, ఇవన్నీ మన టాకీసుల్లో ఈలలతో ఆడినవే. అంటే ఆయన మన ముందుకు రాకుండా లేడు. మన ఊరి తెర మీదికి, మన ఇంటి టీవీలోకి మళ్ళీ మళ్ళీ వచ్చాడు. సొంతింటి గుమ్మంలో నిలబడిన పెద్దకొడుకును ‘ఎవరు బాబూ నువ్వు?’ అని అడిగినట్టు మనమే గుర్తుపట్టలేదు.

ఫాల్కే అవార్డు 1980కి ఆయనకు ఇచ్చారు. తెలుగువాళ్ళలో ఆ గౌరవం దక్కిన పేర్లు వరసగా చెప్పుకుందాం. 1974కి బి.ఎన్. రెడ్డి. ఆయన తర్వాత పైడి జైరాజ్. జైరాజ్ తర్వాతే 1982కి ఎల్.వి. ప్రసాద్, 1986కి నాగిరెడ్డి, 1990కి అక్కినేని నాగేశ్వరరావు, ఆ తర్వాత చాలా ఏండ్లకు రామానాయుడు, విశ్వనాథ్. ఈ వరసను ఎవరినైనా చెప్పమని చూడండి, నోరు తిరిగినట్టు ఆరు పేర్లు చెప్పి, ఏడోది ఎవరబ్బా అని నెత్తి గోక్కుంటారు. ఆ ఏడోవాడు అక్కినేని కంటే పదేండ్లు ముందు ఆ పతకం మెడలో వేయించుకున్నవాడు! మిగిలినవాళ్ళకు స్టూడియోలున్నాయి, వారసులున్నారు, వాళ్ళ పేరు మీద ఆస్పత్రులున్నాయి, వర్ధంతికి పూలదండ వేసే చేతులున్నాయి. జైరాజ్‌కు ఇక్కడ ఎవరున్నారు? తెలుగు సినిమాలో వేషం వేయలేదు కాబట్టి అభిమాన సంఘం లేదు. ఓట్లు తెచ్చే కులసంఘం బ్యానరు లేదు. గొప్పతనానికి కూడా గడప దగ్గర పలుకుబడి సిఫారసు కావాలా?

నా అనుమానం, లోపం మన చరిత్ర రాసే కొలబద్దలోనే ఉంది. మనం తెలుగు సినిమా చరిత్ర రాసుకున్నాం గానీ తెలుగువాళ్ళ సినిమా చరిత్ర రాసుకోలేదు. భాష సరిహద్దు గీసుకుని అవతల ఉన్నవాణ్ణి వదిలేశాం. బొంబాయి వాళ్ళకు ఆయన హైదరాబాదు నుంచి వచ్చినవాడు, మద్రాసు వాళ్ళకు హిందీవాడు. రెండు బండ్ల మధ్య ప్లాట్‌ఫాం మీద నిలబడిపోయిన ప్రయాణికుడి బతుకు.

అయినా భాష లోపలున్నవాళ్ళనైనా సరిగ్గా నిలుపుకున్నామా అంటే, అదీ లేదు. సురభి కమలాబాయి సంగతి చూడండి. ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి, అంటే తెలుగు టాకీ మొదటి నాయిక. ఆడవాళ్ళు రంగమెక్కితే ఊరు కాకుల్లా పొడిచే రోజుల్లో సురభి డేరాల్లో పెరిగి, నాటకమే ఊపిరిగా బతికి, తెరకు మాట నేర్పిన మనిషి. ఆ తర్వాత ఆమె కూడా బొంబాయి పోయి హిందీ చిత్రాల్లో పనిచేసింది. ‘పాతాళభైరవి’లో తోటరాముడి తల్లి ఆమేనని, ‘మల్లీశ్వరి’లో నాగరాజు తల్లి కూడా ఆమేనని ఎంతమందికి తెలుసు? ఆ ముసలి తల్లిని చూసి కళ్ళు తుడుచుకున్న తెలుగువాడు ఆమె మన మొదటి హీరోయిన్ అని ఒక్కసారైనా అనుకున్నాడా? షోలేలో కమిషనర్ ఎంతో, పాతాళభైరవిలో ఆ తల్లి అంతే. ముఖం చూస్తాం, పేరు పారేస్తాం. ఇది మనకు అలవాటైన రోగం.

కరీంనగర్, ఆదిలాబాద్ పేర్లెత్తితే మాకు గర్వపడటానికి తక్కువేం లేదు. జ్ఞానపీఠం అందుకున్న సినారె మా హనుమాజీపేట వాడు. విశ్వనాథ సత్యనారాయణ మా కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. పి.వి. నరసింహారావు వంగర నుంచి ఢిల్లీ దాకా పోయాడు. ఈ మూడు ముక్కలూ మా సభల్లో ప్రతి వక్తా చెప్తాడు, చెప్పాలి కూడా. నాలుగో ముక్క దగ్గరికొచ్చేసరికి మైకు ఎందుకు మూగబోతుంది? పక్కనే ఆదిలాబాద్‌లో కూర్చుని సామల సదాశివ హిందుస్తానీ గాయకుల గురించి, ఉర్దూ కవుల గురించి తెలుగులో ఎంత తియ్యగా రాశాడు! ఎక్కడి ఉస్తాదులో, ఏ ఊరి ఘరానాలో, ఆయన చెప్తుంటే మన వాకిట్లో చాప వేసి కూర్చున్నట్టుండేది. ఆయన ‘స్వరలయలు’కు కేంద్ర సాహిత్య అకాడమీ 2011లో అవార్డు ఇచ్చింది. పరాయి ఊరి గాయకులను మనవాళ్ళను చేసిన కలం ఈ అడవి జిల్లాలో పుట్టింది. మన ఊరి నటుణ్ణి మనకు మళ్ళీ అప్పగించే అంతటి కలం జైరాజ్‌కు దొరకలేదు. ఊళ్ళో ఒకరిద్దరు సినిమా చరిత్రకారులు చేతి చమురు వదిలించుకుని రాస్తూ, చెప్తూ ఉన్నారు కాబట్టి ఈమాత్రం పేరైనా మిగిలింది. వాళ్ళకు దండం. కానీ ఇది ఒకరిద్దరి ఓపికతో తీరే అప్పా?

2014లో రాష్ట్రం వచ్చింది. మరుగున పడ్డ మన పెద్దల్ని వెతికి నిలబెడతామన్నారు. సంతోషించాం. రవీంద్రభారతిలో ప్రివ్యూ థియేటర్‌కు పైడి జైరాజ్ పేరు పెట్టారు. మంచిదే. యువకులు అక్కడ చిన్న సినిమాలు చూపించుకుంటున్నారు, అది ఇంకా మంచిది. 2025లో గద్దర్ అవార్డులిచ్చినప్పుడు పైడి జైరాజ్ పేరు మీద కూడా ఒక పురస్కారం పెట్టి మణిరత్నానికి ఇచ్చారు. తీసుకున్నాయన అన్నివిధాలా తగినవాడు. నా బాధ అది కాదు. పేరు బోర్డెక్కింది, జ్ఞాపిక మీదికెక్కింది. మనిషి ఏడి? ఆ థియేటర్‌లోకి పోయి వచ్చే పిల్లల్లో ఆ పేరుగల మనిషి నటించిన ఒక్క సినిమా చూసినవాళ్ళెందరు? ఆ అవార్డు సభను టీవీలో చూసిన లక్షలమందిలో, పైడి జైరాజ్ అనగానే ఆ ముఖం కళ్ళ ముందు మెదిలినవాళ్ళెందరు? అన్నం లేకుండా పళ్ళెం పెట్టి విందన్నట్టు, మనిషిని చూపకుండా పేరు పెట్టి గౌరవమంటే ఎట్లా?

పైగా కాలం మనకోసం ఆగడం లేదు. ఈ దేశంలో తీసిన మూకీలు పదమూడు వందలకు పైమాటే. అందులో ఇవాళ పూర్తిగానో సగమో మిగిలినవి కొద్ది పదులకు మించవు. నైట్రేట్ ఫిల్ము తానే కాలిపోతుంది, తానే జిగురై కరిగిపోతుంది, లేకపోతే అందులోని వెండి కోసం మనుషులే కరిగించేశారు. పుణెలో ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో మొదలయ్యేసరికే జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. వెండి తీగతో నగిషీ చెక్కే ఊరు మాది, కరీంనగర్ ఫిలిగ్రీ అంటే లోకానికి తెలుసు. ఆ ఊరి పిల్లవాడి యవ్వనం పట్టిన ఫిల్ములోని వెండిని ఎవరో పిండుకుని చెత్తలో పారేసి ఉంటారని తలచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది. పోయినదాన్ని తేలేం. కానీ ‘భాభీ’, ‘హమారీ బాత్’, ‘హాతిమ్‌తాయ్’ లాంటివి ఎక్కడ ఏ స్థితిలో ఉన్నాయో కనుక్కున్నామా? మంచి ప్రతి ఒకటి తెప్పించుకుని ఈ ఊళ్ళో ఎప్పుడైనా చూపించామా?

అయ్యా, సర్కారు పెద్దలారా! మీరు విగ్రహాలు పెడతారు, చౌరస్తాలకు పేర్లు మారుస్తారు, ఎన్నికల ఏడాది వస్తే ఇంకా జోరుగా మారుస్తారు. నేను విగ్రహం అడగటం లేదు. కాకులు వాలడానికి మాకు వేరే విగ్రహాలు చాలానే ఉన్నాయి. నేను అడిగేది మా ఊరి కళాభారతిలో ఒక తెర. సెప్టెంబరు 28న, ఒక్క పూట ఉపన్యాసాలతో కాదు, వారం రోజులు ఆయన సినిమాలు. కింద తెలుగులో మాటలు వేసి, బడిపిల్లల్ని బస్సులో తెచ్చి, టికెట్టు లేకుండా చూపించండి. ఒక పోస్టరు, ఒక ఫొటో, ఒక పాత సినిమా పత్రిక ముక్క, ఏది దొరికితే అది, ఈ ఊళ్ళో ఒక గదిలో పెట్టండి. ఆయనతో కలిసి పనిచేసి ఇంకా బతికి ఉన్నవాళ్ళు ఎందరున్నారో, వాళ్ళ మాట ఇవాళే రికార్డు చేయండి. రేపటికి ఉంటారన్న హామీ ఎవరిస్తారు? పాఠ్యపుస్తకంలో ఒక్క పాఠం పెట్టండి. మా ఏడో తరగతి పిల్లలు అమెరికా నటుల పేర్లు పలకగలరు, ‘పైడిపాటి’ అని పలకలేరు. ఇవి కోట్ల పనులా? ఒక మంత్రిగారి పర్యటనకు కట్టే ఫ్లెక్సీల ఖర్చులో సగానికి అయిపోతాయి.

సినిమా పెద్దలారా, మిమ్మల్నీ అడుగుతున్నాను. ఇవాళ మీరు ‘పాన్ ఇండియా’ అని గుండెలు చరుచుకుంటున్నారు. తెలుగు హీరో హిందీ గడ్డ మీద జెండా పాతాడని నూరు కోట్లు, వెయ్యి కోట్లు లెక్కలు చెప్తున్నారు. ఆ జెండా 1930లోనే పాతినవాడొకడున్నాడు. వాడికి మేనేజర్లు లేరు, డబ్బింగ్ లేదు, వెనక తండ్రి తాతల స్టూడియో లేదు. వాడు పాతిన జెండా నీడలోనే మీరు నడుస్తున్నారని ఒక్క వేదిక మీద, ఒక్కసారి, ఒక్క నోరు అన్నదా? వాడి జీవితం కంటే మంచి కథ మీ ఫైళ్ళలో ఉందా? రీమేకులకు హక్కులు కొనడానికి దేశాలు తిరుగుతారే, కరీంనగర్ దాకా రావడానికి దారి దొరకలేదా?

ఊరివాళ్ళం మనం కూడా తక్కువ తినలేదు. 2000 ఆగస్టు 11న ఆయన బొంబాయిలో పోయాడు. తొంభై ఏండ్ల నిండు జీవితం, అందులో అరవై ఏండ్లకు పైగా సినిమాలోనే. ఆ రోజు మన ఊళ్ళో ఏ దుకాణం షట్టరు దించింది? ఏ బళ్ళో పిల్లలు నిలబడి మౌనం పాటించారు? బతికున్న నాడు ఒక్కసారైనా పిలిపించి, కడుపు నిండా మక్క గటకో సర్వపిండో పెట్టి, ‘మా జైరాజ్’ అని భుజం మీద శాలువా కప్పాల్సిన చేతులు మనవే కావా?

టవర్ సర్కిల్ చాయ్ కథ ఇంకా ఉంది. ఆ కుర్రాళ్ళు పోయాక నేను ఫోనులో ‘హాతిమ్‌తాయ్’ తీసి చూస్తున్నాను. చాయ్ పోసే చాచా గ్లాసులు కడుగుతూ కడుగుతూ ఆగి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని దగ్గరికొచ్చాడు. గడ్డం నెరిసిన మనిషి. కాసేపు చూశాడు.

“గిది మా అబ్బాజాన్ సినిమా గదా సార్. పదిసార్లు చూసిన అని చెప్పెటోడు. హాతిమ్ లెక్క నడిచి సూపిచ్చెటోడు మాకు.”

“ఈ హాతిమ్ ఎవరో తెలుసా చాచా? మన కరీంనగర్ ఆయన.”

ఆయన నా ముఖం చూశాడు, వేళాకోళమాడుతున్నానేమోనని. మళ్ళీ ఫోను చూశాడు.

“అబ్బాజాన్‌కు తెల్వకపాయె” అన్నాడు. “తెల్వకుంటనే పోయిండు.”